అడవిపందుల వేటకు ఏ చేతి తుపాకీ తగినది? (టెక్సాస్)

ప్రశ్న: నల్లరేగడి

అందరికీ నమస్కారం. నేను టెక్సాస్‌లో వేకోకు దక్షిణాన ఉంటాను, గ్రీన్‌కార్డు ఉంది. బ్రాజోస్ నది ఒడ్డున మా మిత్రుడికి మొక్కజొన్న పొలం ఉంది. విత్తనం వేసిన కొద్ది రోజులకే పందుల మంద రాత్రివేళ దిగి, సాలు వెంట ముట్టె దించి, గింజ తర్వాత గింజ పెకలించుకు తింటూ చేను ఈ చివర నుంచి ఆ చివరకు పోతోంది. ఆయన బోన్లు పెడుతున్నారు, వేటకు నాకూ అనుమతి ఇచ్చారు. రైఫిల్‌తో వేటాడిన అనుభవం నాకు ఉంది. అయితే ఏటి పక్క పొదలు బాగా దట్టంగా ఉన్నాయి, మాటు నుంచి ఫీడర్ (ఎర గింజలు చల్లే డబ్బా) వరకు ముప్పై నలభై గజాలకు మించి దూరం లేదు, కనుక ఈసారి చేతి తుపాకీతో ప్రయత్నించాలని ఉంది. ప్రస్తుతం నా దగ్గర ఉన్నది 9 ఎం.ఎం. పిస్టల్ మాత్రమే. అది చాలుతుందా? చాలకపోతే .357 మాగ్నమ్, 10 ఎం.ఎం. ఆటో, .44 మాగ్నమ్ అనే తూటా రకాలలో దేనిని ఎంచుకోవాలి? హెచ్-1బి వీసాపై ఉన్న మా బావమరిది కూడా వస్తానంటున్నాడు, వేటకు లైసెన్సు అక్కరలేదట కదా అని అతని ధైర్యం. తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు: ఏటిగట్టు

నల్లరేగడి గారూ, 9 ఎం.ఎం.తో పంది చావదని నేను అనను. కానీ వేటకు అది తగిన ఆయుధం కాదు. కారణం ఆ జంతువు శరీరంలోనే ఉంది. ఎదిగిన మగపందికి జబ్బల మీద, పక్కటెముకల మీదుగా తోలు కింద మందపాటి గట్టి కవచం పెరుగుతుంది, దాని కింద మళ్లీ కొవ్వు. తూటా ఇవన్నీ దాటుకుని గుండెను, ఊపిరితిత్తులను చేరాలి, వీలైతే అవతలి వైపు నుంచి బయటికి కూడా పోవాలి. అవతలి రంధ్రం ఎందుకంటే, ఇవతలి గాయాన్ని కొవ్వు, కవచం కలిసి మూసేస్తాయి. నెత్తురు నేల మీద పడదు, గాయపడిన పంది పొదల్లో దూరితే జాడ దొరకదు. ఒక మూగజీవిని అలా గాయంతో వదిలి రావడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు. అందుకే శక్తి కన్నా ముందు చొచ్చుకుపోయే గుణాన్ని చూడమంటాను.

అంకెల్లో చెప్పాలంటే, సాధారణ 9 ఎం.ఎం. తూటా శక్తి దాదాపు 360 అడుగు-పౌండ్లు (శక్తికి కొలత), 158 గ్రెయిన్ల (గుండు బరువుకు కొలత) .357 మాగ్నమ్‌ది 535 ప్రాంతం. 200 గ్రెయిన్ల 10 ఎం.ఎం. 640 చుట్టూ ఉంటే, 240 గ్రెయిన్ల .44 మాగ్నమ్ పొడవైన బారెల్ (తుపాకీ గొట్టం) నుంచి 970 దాకా వెళుతుంది. .357 మాగ్నమ్ 1935 నాటిది. మంచి గుండుతో, దగ్గరి దూరంలో, గురి కుదిరినప్పుడు మధ్యరకం పందికి అది సరిపోతుంది కానీ పెద్ద మగపంది అడ్డంగా కాకుండా ఏటవాలుగా నిలబడితే పొరపాటుకు చోటు మిగలదు. 1955లో వచ్చిన .44 మాగ్నమ్ ఆ చోటు ఇస్తుంది. నా ఓటు దానికే. ఆత్మరక్షణకు అమ్మే తేలికపాటి హాలో పాయింట్లు (మొన గుల్లగా ఉన్న గుండ్లు) మాత్రం కొనకండి. అవి మనిషి శరీరాన్ని దృష్టిలో పెట్టుకుని త్వరగా విచ్చుకునేలా చేసినవి, పంది కవచం దగ్గరే ఆగిపోవచ్చు. గట్టి పోత సీసపు గుండు, మందపాటి రాగి తొడుగుండి మొన దగ్గర మాత్రం సీసం బయటికి కనిపించే సాఫ్ట్ పాయింట్, లేదా పూర్తి రాగి గుండు తీసుకోండి.

తుపాకీల్లో రూగర్ సూపర్ రెడ్‌హాక్ ఏడున్నర అంగుళాల బారెల్‌ది చూడండి. బరువు కిలోన్నర. నడుముకు మోయడానికి అది భారమే, కానీ ఆ బరువే తుపాకీ వెనక్కి తన్నే కుదుపును, అంటే రీకాయిల్‌ను మింగుతుంది. స్కోప్ బిగించడానికి గాడులు ఫ్రేమ్‌లోనే ఉంటాయి. ఖర్చు తగ్గించుకోవాలంటే సింగిల్ యాక్షన్ సూపర్ బ్లాక్‌హాక్ ఉంది, ప్రతి తూటాకూ హ్యామర్‌ను చేత్తో వెనక్కి లాగాలి. రెండింటిలోనూ శక్తి తక్కువైన .44 స్పెషల్ తూటాలు కాల్చుకోవచ్చు. మొదట వాటితో చేయి అలవాటు చేసుకుని తర్వాత మాగ్నమ్‌కు వెళ్లండి. రివాల్వర్‌కు కొత్తవారు తప్పనిసరిగా తెలుసుకోవలసిన సంగతి ఒకటి ఉంది. తూటాలు నింపే సిలిండర్‌కూ బారెల్‌కూ మధ్య సన్నటి సందు ఉంటుంది, పేలినప్పుడు అందులోంచి నిప్పులాంటి వాయువు పక్కలకు చిమ్ముతుంది. పిస్టల్ అలవాటుతో ఎడమ బొటనవేలిని ముందుకు చాచితే వేలు తీవ్రంగా గాయపడుతుంది.

జవాబు: పడమటిగాలి

ఏటిగట్టు గారు చెప్పిన శరీర నిర్మాణం, గుండ్ల విషయం అక్షరాలా నిజం. కానీ ప్రశ్న అడిగినవారికి ఇప్పటికే సెమీ ఆటోమేటిక్ పిస్టల్ చేతిలో కుదిరింది, కాబట్టి 10 ఎం.ఎం.ను అంత సులువుగా పక్కన పెట్టకూడదని నా అభిప్రాయం. .44 మాగ్నమ్ కొన్నవారిలో చాలామంది కొద్ది రోజుల్లోనే మోతకూ కుదుపుకూ భయపడి, ట్రిగ్గర్ నొక్కే ముందే తుపాకీని కిందికి నెట్టడం నేను రేంజ్‌లో తరచుగా చూస్తుంటాను. గురి తప్పిన .44 కన్నా గురికి తగిలిన 10 ఎం.ఎం. మేలు. గ్లాక్ 20లో మ్యాగజైన్‌కు 15 తూటాలు పడతాయి, గ్లాక్ 40కి ఆరు అంగుళాల బారెల్, రెడ్ డాట్ (ఎర్ర చుక్కతో గురి చూపే పరికరం) బిగించే వీలు ఉన్నాయి. మంద చెదిరినప్పుడు రెండో తూటా త్వరగా వేయవచ్చు.

జాగ్రత్తలు రెండు. దుకాణాల్లో దొరికే చాలా 10 ఎం.ఎం. తూటాలు .40 ఎస్ అండ్ డబ్ల్యూ అనే తక్కువ శక్తి పిస్టల్ తూటా స్థాయికి తగ్గించి నింపినవి. పెట్టె మీద గుండు బరువు, వేగం చదివి, 180 లేదా 200 గ్రెయిన్ల పూర్తి శక్తి తూటాలే తీసుకోండి. రెండోది, తొడుగు లేని సీసపు గుండ్లు వాడవద్దని గ్లాక్ సంస్థే చెబుతోంది. కనుక రాగి తొడుగున్నవి గాని పూర్తి రాగివి గాని ఎంచుకోండి.

జవాబు: చట్టంమాట

తుపాకీ సంగతి పెద్దలు చెప్పారు. నన్ను కలవరపెట్టింది మీ బావమరిది గారి విషయం. టెక్సాస్‌లో 2019 సెప్టెంబరు 1 నుంచి, యజమాని అనుమతితో ప్రైవేటు భూమిలో అడవిపందులను వేటాడడానికి లైసెన్సు అక్కరలేదన్నది నిజమే. కానీ అది రాష్ట్ర చట్టం. హెచ్-1బి, ఎఫ్-1 వంటి వలసేతర వీసాలపై ఉన్నవారు తుపాకీనీ తూటాలనూ కలిగి ఉండకూడదన్నది ఫెడరల్ చట్టం. దానికి ఉన్న కొద్దిపాటి మినహాయింపుల్లో ఒకటి, అమెరికాలో చట్టబద్ధంగా జారీ అయిన, గడువు తీరని వేట లైసెన్సు దగ్గర ఉండడం. అంటే, పందులకు లైసెన్సు అవసరం లేదన్న మాటను నమ్మి అది తీసుకోకుండా వచ్చి, మీ తుపాకీని ఒక్కసారి చేతిలోకి తీసుకున్నా ఆయన నేరం చేసినట్టే. శిక్ష 15 ఏళ్ల వరకు ఉండవచ్చు, వలస హోదా పోయే ప్రమాదం దానికి అదనం. రేంజ్‌లో అద్దె తుపాకీ పట్టుకున్నా ఇదే వర్తిస్తుంది.

కాబట్టి ముందుగా ఆయన చేత లైసెన్సు తీయించండి. 1971 సెప్టెంబరు 2న గాని ఆ తర్వాత గాని పుట్టినవారికి టెక్సాస్‌లో హంటర్ ఎడ్యుకేషన్ శిక్షణ కావాలి, అది ఎలాగూ ఉపయోగపడేదే. ఆయన పరిస్థితిని ఒక వలస న్యాయవాదికి చూపించిన తర్వాతే పొలంలో అడుగు పెట్టడం క్షేమం. మన ఊళ్ల అలవాటుతో ఇక్కడి చట్టాన్ని అంచనా వేయవద్దు. మన దేశంలో అడవిపంది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తుంది, ఇక్కడ అది బయటి నుంచి వచ్చి పంటను పాడుచేసే జంతువు.

నల్లరేగడి

ముగ్గురికీ కృతజ్ఞతలు. లైసెన్సు విషయం మా బావమరిదికి ఈ రాత్రికే చెబుతాను. అది చేతికి వచ్చేదాకా అతను ఇంటి దగ్గరే ఉంటాడు. తుపాకీల్లో ఇంకా .44కూ 10 ఎం.ఎం.కూ మధ్య ఊగుతున్నాను. గురి ఎక్కడ పెట్టాలో, నేను సిద్ధమయ్యానని ఎలా తెలుసుకోవాలో కూడా చెప్పగలరా?

జవాబు: ఏటిగట్టు

జింకను వేటాడే అలవాటుతో చాలామంది జబ్బ వెనుక, ఒంటి మధ్యలో గురి పెడతారు. పందిలో అది పొట్ట. దాని గుండె ముందుకాళ్ల మధ్య బాగా కిందికి, ముందుకు ఉంటుంది. పంది పూర్తిగా అడ్డంగా నిలిచినప్పుడు, ముందుకాలి వెనుక అంచు మీదుగా పైకి వెళ్లి, ఒంటి ఎత్తులో కింది మూడో వంతు దగ్గర ఆగండి. చెవి మొదట్లో కొట్టమని సలహా ఇచ్చేవారు ఉంటారు. ఆ చోటు చిన్నది, తల ఎప్పుడూ కదులుతూ ఉంటుంది, కాబట్టి చేతి తుపాకీతో ఆ ప్రయత్నం వద్దు.

ఎంపికకు నేను చెప్పే పద్ధతి ఇది. రేంజ్‌లో రెండూ అద్దెకు తీసుకోండి. ఆరు అంగుళాల కాగితపు పళ్లెం పెట్టి, మాటులో కూర్చునే భంగిమలోనే, కర్రల ఆసరాతో కాల్చండి. ఏ తుపాకీతో, ఎంత దూరంలో, ప్రతి తూటా పళ్లెంలోనే పడుతుందో అదే మీ తుపాకీ, అదే మీ హద్దు. అది ఇరవై ఐదు గజాలే అయితే ఫీడర్‌నే దగ్గరికి జరపండి. చెవులకు రక్షణ లేకుండా మాటులోపల ఒక్క తూటా కూడా కాల్చవద్దు. మెల్లని అలికిడిని పెంచి వినిపిస్తూ పేలుడును అణిచే ఎలక్ట్రానిక్ ఇయర్ మఫ్‌లు ఉంటే పందులు రావడం కూడా ముందే తెలుస్తుంది.

పంది పడ్డాక కోసేటప్పుడు రబ్బరు తొడుగులు వేసుకోండి, వీటి నెత్తురు ద్వారా బ్రూసెల్లోసిస్ మనుషులకు సోకుతుంది. మాంసం లోపలి వేడి 71 డిగ్రీల సెల్సియస్‌కు చేరేదాకా ఉడకాలి. మీ మిత్రుడికి బోన్లు మాత్రం ఆపవద్దని చెప్పండి. తుపాకీతో ఒకటి రెండు పోతే మిగిలిన మంద బెదిరి ఇంకో వేళకు వస్తుంది, మందనంతా ఒకేసారి పట్టేది బోనే.