"హృదయశుద్ధిగలవారు ధన్యులు": ఇక్కడ శుద్ధి అంటే ఏమిటి?

ప్రశ్న: మత్తయి సువార్త 5వ అధ్యాయం 8వ వచనంలో "హృదయశుద్ధిగలవారు ధన్యులు, వారు దేవుని చూచెదరు" అని ఉంది. మనసులోకి చెడు తలంపు రాకపోవడమే హృదయశుద్ధి అయితే ఈ ధన్యత ఎవరికి దక్కుతుంది? తెలిసిన పెద్దలు వివరించగలరు.

సమాధానం: వందనాలండీ. శుద్ధి అనగానే తెలుగువారికి స్నానం, మడి, మైల పోవడం గుర్తుకొస్తాయి. మరక ఒకటి ఉంటుందనీ, దాన్ని కడిగేస్తే పోతుందనీ అనుకుంటాము. ఆ దారిన వెళితే హృదయశుద్ధి అంటే ఒక్క దురాలోచన కూడా తొంగిచూడని మనసు అని తేలుతుంది, అటువంటి మనసు మీరన్నట్టు ఎవరికీ ఉండదు. అయితే ఇదే శుద్ధితో కూడిన ఇంకొక మాటను మనం రోజూ వేరే అర్థంలో వాడుతున్నాము. సమస్యను తీర్చాలన్న చిత్తశుద్ధి పాలకులకు లేదని పత్రికలో చదివినప్పుడు, వారు పైకి చెప్పేది ఒకటి, లోపల కోరేది ఇంకొకటి అని గ్రహిస్తామే గాని వారి మనసులో చెడు తలంపులు వస్తున్నాయని కాదు. "చిత్తశుద్ధి లేని శివపూజలేలరా" అని వేమన నిలదీసినదీ ఈ లోటు గురించే. క్రీస్తు మాటను కూడా ఈ వెలుగులోనే చదవాలని నా అభిప్రాయం.

ఇది నేను కల్పించి చెబుతున్నది కాదు. క్రీస్తు కొండమీద చేసిన ప్రసంగంలో ఆ మాటలు విన్న యూదులకు 24వ కీర్తన కొత్తది కాదు. యెహోవా పర్వతమునకు ఎక్కదగినవాడెవడు అని ఆ కీర్తన అడిగి, "నిర్దోషమైన చేతులును శుద్ధమైన హృదయమును కలిగియుండువాడే" అని జవాబిస్తుంది. ఆ జవాబులోనే వ్యర్థమైనదానియందు మనస్సు పెట్టనివాడు, కపటముగా ప్రమాణము చేయనివాడు అన్న వివరణ కూడా ఉంది. అంటే శుద్ధహృదయానికి ఎదురుగా కీర్తనకారుడు నిలబెట్టినది కపటాన్ని. యాకోబు తన పత్రిక 4వ అధ్యాయంలో "ద్విమనస్కులారా, మీ హృదయములను పరిశుద్ధపరచుకొనుడి" అన్నప్పుడు ఇదే భావాన్ని ఇంకా సూటిగా చెప్పాడు. హృదయం మలినమయ్యేది అది రెండుగా చీలినప్పుడు. 4వ శతాబ్దం చివర ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో సంఘంలో సేవ చేసిన అగస్టీను కూడా ఈ ధన్యతను వివరిస్తూ, శుద్ధమైన హృదయమంటే కపటం లేని ఏకాగ్ర హృదయమేనన్నాడు.

అన్నిటికంటే బలమైన ఆధారం అదే ప్రసంగంలో, తరువాతి అధ్యాయంలో ఉంది. "మనుష్యులకు కనబడవలెనని వారియెదుట మీ నీతికార్యము చేయకుండ జాగ్రత్తపడుడి" అని 6వ అధ్యాయం మొదలవుతుంది. ఆ వెంటనే ప్రభువు ధర్మం, ప్రార్థన, ఉపవాసం అనే మూడింటిని ఎత్తుకుంటాడు. ఈ మూడూ మంచి పనులే, దేవుడు చేయమన్నవే, వాటిలో ఏ ఒక్కదానినీ ఆయన తప్పుపట్టలేదు. ఆయన అడుగుతున్నదల్లా అవి ఎవరి కళ్లకోసం జరుగుతున్నాయి అన్నదే. మనుష్యుల మెప్పు కోసం చేసినవారు "తమ ఫలము పొందియున్నారు" అంటాడు. కోరుకున్నది చేతికందింది, లెక్క అక్కడితో సరి. ఈ భాగాన్ని 5వ అధ్యాయంలోని ధన్యతతో కలిపి చదివిన ప్రతిసారీ నా మనసు ఒకచోట ఆగిపోతుంది. కనబడాలని తాపత్రయపడినవారికి మనుష్యుల చూపు దక్కింది, హృదయశుద్ధిగలవారికి దేవుని చూచే భాగ్యం దక్కింది. తన్ను చూస్తున్నవారిని లెక్కపెట్టుకొనే కన్ను దేవునివైపు ఎలా తిరుగుతుంది?

మన సంఘాల్లో దీనికి ఉదాహరణలు వెదకనక్కరలేదు. ఫ్యాను రెక్కల మీద దాత పేరు, బల్ల వెనుక తెల్ల రంగుతో రాసిన కుటుంబం పేరు, ఆరాధన చివర ఎవరెంత ఇచ్చారో మైకులో చదవడం మనందరికీ అలవాటైపోయాయి. పేరు రాయించినవారందరూ వేషధారులని నేననను. చనిపోయిన తల్లి పేరు ఆమె కూర్చున్న బల్ల మీద ఉండాలని కోరుకున్న బిడ్డ మనసు నాకు అర్థమవుతుంది. అయితే మా సంఘంలో కోత పండుగ కానుకలు లెక్కించడానికి కూర్చున్నప్పుడు పాత పెండ్లిపత్రిక కవరొకటి నా చేతికొచ్చింది. దాని మీద ఉన్న పేరును కనబడకుండా కొట్టివేసి, పక్కన పెన్సిలుతో "పంటకు కృతజ్ఞత" అని మాత్రం రాసి ఉంది. లోపల నాలుగు మడతలు పెట్టిన నోట్లు. రసీదు ఎవరికివ్వాలో తెలియక సంఘ కార్యదర్శి ఆ కవరును అటూ ఇటూ తిప్పి చూశారు. కుడిచెయ్యి చేయునది ఎడమచేతికి తెలియకూడదన్న మాట ఎలా ఉంటుందో నేనక్కడ చూశాను.

మరొక ప్రశ్న: మీ వివరణ బాగుంది గాని నాకు భయం పుడుతోందండీ. నేను ఏ మంచిపని చేసినా నలుగురూ మెచ్చుకోవాలన్న ఆశ ఒక మూలన ఉంటూనే ఉంటుంది. ఉద్దేశం శుద్ధి అయ్యేదాకా మానుకోవడమే మంచిదా?

సమాధానం: మానుకోవద్దండీ. ఆకలిగొన్నవాడు మన ఉద్దేశం తేటపడేదాకా ఆగలేడు. "హృదయము అన్నిటికంటె మోసకరమైనది" అని యిర్మీయా చెప్పినందున, మన ఉద్దేశాన్ని మనమే పూర్తిగా తూచి, శుద్ధమేనని తేల్చుకోవడం ఎలాగూ కుదరదు. దావీదు తన పాపం బయటపడిన తరువాత, ముందు నన్ను నేను శుద్ధి చేసుకొని వస్తానని అనలేదు. "దేవా, నాయందు శుద్ధహృదయము కలుగజేయుము" అని 51వ కీర్తనలో అడిగాడు. ఆ మూలన ఉన్న ఆశను దాచిపెట్టి పవిత్రుడిలా కనబడడమే కపటం గాని, దాన్ని దేవుని ముందు ఒప్పుకొని, చేయవలసిన పనిని చేస్తూ పోవడం కాదు. చేతనైనంతవరకు, ఎవరికీ ఎన్నడూ చెప్పని మేలు కొన్నైనా చేస్తూ ఉండండి; మెప్పు దొరకని చోట పని చేయడం మనసుకు అలవాటు కావాలి.

ఒక్క హెచ్చరిక మాత్రం చేస్తాను. ఈ కొలతను పక్కవారి మీద ప్రయోగించకూడదు. కొందరు అసూయచేతా కలహబుద్ధిచేతా క్రీస్తును ప్రకటిస్తున్నారని బంధకాల్లో ఉన్న పౌలుకు తెలుసు. అయినా ఏ విధంగానైనా క్రీస్తు ప్రకటించబడుతున్నాడని సంతోషిస్తున్నానని ఫిలిప్పీయులకు రాశాడు. హృదయములలోని ఆలోచనలను ప్రభువే బయలుపరచేవరకు తీర్పు తీర్చవద్దని కొరింథీయులను హెచ్చరించినవాడూ ఆయనే. కాబట్టి మైకులో పేరు వినిపించిన సహోదరుని ఉద్దేశమేమిటో తేల్చే పని మనది కాదు.

ఇంకొక ప్రశ్న: "చూచెదరు" అన్నది పరలోకానికి మాత్రమే చెందిన వాగ్దానమా?

సమాధానం: సంపూర్ణంగా చూడడం అప్పుడే. ఆయన యున్నట్లుగానే ఆయనను చూతుము అని యోహాను మొదటి పత్రిక 3వ అధ్యాయం 2వ వచనం చెబుతుంది. అయితే దాని పక్కనున్న 3వ వచనాన్ని వదలకండి. "ఆయనయందు ఈ నిరీక్షణ పెట్టుకొనిన ప్రతివాడును" తన్ను పవిత్రునిగా చేసికొనును అని అక్కడ ఉంది. శుద్ధిగలవారు చూస్తారని మత్తయిలో చదివాము. చూడబోతున్నామన్న ఆశే మనిషిని ఈ లోకంలో ఉండగానే శుద్ధి చేస్తుందని యోహాను అంటున్నాడు. ఈ రెండు వచనాలనూ కలిపి చదివితే మీ మొదటి ప్రశ్నకు కూడా జవాబు దొరుకుతుందని నా నమ్మకం.