సముద్రం నుంచి తిరిగొచ్చాక ముందు ఏది చూడాలి: రికార్డర్లా, కెమెరాలా, చర్మం ముక్కలా?

కూకట్‌పల్లి_కడలి:
అరేబియా సముద్రంలో తిమింగలాల సర్వే ముగించుకుని హైదరాబాద్ చేరాం. నీటి కింద పెట్టిన రెండు సౌండ్ రికార్డర్లు, మూడు కెమెరాలు, జీపీఎస్, పాడవకుండా డీఎంఎస్‌ఓ అనే రసాయన ద్రావణంలో వేసిన తిమింగలాల చర్మం ముక్కలు ఉన్నాయి. సీసాల అడుగున తెల్లగా ఏదో పేరుకుంది. శాంపిళ్లు పాడైనట్టేనా? రికార్డర్లు ఇంకా విప్పలేదు. ఏ వరసలో మొదలుపెట్టాలి?

జలధ్వని:
ముందు గడియారాలండీ, మిగతావన్నీ తర్వాత. కెమెరాల్లో టైమ్ సరిచెయ్యకముందే, బ్యాటరీ తియ్యకముందే, జీపీఎస్ స్క్రీన్ మీద సెకన్లు కనబడేలా ఒక్కో కెమెరాతో ఒక్కో ఫొటో తీయండి. ఫొటోలో కనిపించే టైమ్‌కీ ఫైల్లో నమోదైన టైమ్‌కీ ఎంత తేడా ఉంటే అంత సవరించాలి. జీపీఎస్ ట్రాక్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో), కెమెరా మన టైమ్‌లో ఉంటే అయిదున్నర గంటల తేడా. అది చూసుకోకపోతే పొద్దున 6 గంటల ఫొటో 11:30కి పడవ ఉన్నచోట అతుక్కుంటుంది. 8 నాట్ల (గంటకు 8 నాటికల్ మైళ్ల) వేగంతో తిన్నగా పోయే పడవైతే 44 నాటికల్ మైళ్ల తప్పు!

రికార్డర్‌ను కంప్యూటర్‌కి తగిలించగానే కొన్ని సాఫ్ట్‌వేర్లు దాని గడియారాన్ని మార్చేస్తాయి, జాగ్రత్త. ముందు రికార్డర్ టైమ్, జీపీఎస్ టైమ్ రెండూ రాసిపెట్టుకోండి. రికార్డర్ గడియారం 60 రోజుల్లో 30 సెకన్లు జరిగితే, 30వ రోజుకు 15 సెకన్లు సవరిస్తారు. ఏ గంటలో కూత వినబడిందో చూడటానికే అయితే ఇంత పట్టింపు అక్కర్లేదు. రెండు రికార్డర్లకూ కూత చేరిన టైమ్‌ల తేడాతో తిమింగలం ఏ వైపు ఉందో అంచనా కట్టాలంటే మాత్రం వదలకూడదు. నీటిలో శబ్దం సెకనుకు దాదాపు 1500 మీటర్లు పోతుంది, గడియారం ఒక్క సెకను తప్పినా దూరాల లెక్క అంత తప్పుతుంది.

నాచారం_వర్క్‌షాప్:
రికార్డర్‌ను విప్పే ముందు పైన కడిగి, కొన్ని గంటలు మంచినీళ్లలో నానబెట్టండి. మన బోరు నీళ్లు వద్దు, ఆరాక తెల్లటి పొర కడతాయి. బాగా ఆరాక మూత కిందికి ఉండేలా పట్టుకుని తిప్పండి. మరల్లో మిగిలిన చుక్క లోపలికి పోకుండా కిందికి కారుతుంది. లోపల గ్యాస్ పేరుకుని ఉండొచ్చు, మొహం పక్కకి పెట్టి నెమ్మదిగా విప్పండి. ఓ-రింగ్‌ని (నీళ్లు దిగకుండా మూత దగ్గర ఉండే రబ్బరు వలయాన్ని) స్క్రూడ్రైవర్‌తో తియ్యొద్దు, ప్లాస్టిక్ కార్డు వాడండి. గాడిలో సన్నని గీత పడినా, ఒక్క వెంట్రుక అడ్డుపడినా వచ్చే సీజన్‌లో నీళ్లు దిగుతాయి.

ఉప్పల్_ల్యాబ్:
ఆ తెల్లటిది ఉప్పే. 20 శాతం డీఎంఎస్‌ఓ, 0.25 మోలార్ ఈడీటీఏ (డీఎన్‌ఏ పాడవకుండా కాపాడే రసాయనం), ఇక కరగనంత ఉప్పు కలిపిన ద్రావణం కదా, మిగులు అడుగున చేరుతుంది. భయం లేదు. ముక్క పూర్తిగా మునిగిందో లేదో చూడండి. మందంగా ఉంటే మధ్యలోకి ద్రావణం దిగక అక్కడే కుళ్లుతుంది, శుభ్రమైన బ్లేడుతో చీల్చండి. గ్లవ్స్ తప్పనిసరి, డీఎంఎస్‌ఓ మన చర్మంలోంచి కూడా పోతుంది. పెన్ను సిరా కరిగిపోతుంది, పెన్సిల్‌తో రాసిన చీటీ లోపల వెయ్యండి. హార్మోన్ల పరీక్షకు ఉంచిన కొవ్వు మాత్రం ద్రావణంలో కాదు, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో ఉండాలి. తిమింగలం వన్యప్రాణి సంరక్షణ చట్టంలో షెడ్యూల్ 1 జంతువు కాబట్టి పర్మిట్ కాపీ శాంపిళ్లతోనే పెట్టండి.

కూకట్‌పల్లి_కడలి:
థాంక్సండీ. కార్డులు ఎప్పుడు ఫార్మాట్ చెయ్యొచ్చు? నీలి తిమింగలాల ఫొటోలే ఎక్కువ.

జలధ్వని:
రెండు వేర్వేరు డిస్కుల్లో కాపీ చేసి, చెక్‌సమ్ (కాపీ అసలు ఫైల్‌తో అచ్చంగా సరిపోయిందో లేదో చూపే అంకె) సరిపోయాకే. 96 కిలోహెర్ట్జ్, 16 బిట్, ఒక చానల్ అయితే రోజుకు 16.6 జీబీ, డిస్కులు ఆ లెక్కన కొనండి. నీలి తిమింగలానికి ఒంటి మచ్చలే ప్రధానమైన గుర్తు. ఎడమ వైపు మచ్చలు కుడి వైపు ఉండవు కాబట్టి రెండు వైపుల ఫొటోలనూ వేర్వేరు ఫోల్డర్లలో వెయ్యండి. తిమింగలం ఒకసారి ఎదురైనప్పుడే దాని రెండు వైపులూ దొరికితేనే ఒక నంబరు కింద కలపండి.