24 వోల్టుల లారీకి ఫాగ్ లైట్లు: వైరు ఎందుకు కాలింది, ఎలా వేయించాలి?

ప్రశ్న (సాలూరు లారీ)

సభ్యులందరికీ నమస్కారం. సాలూరు నుంచి సుంకి ఘాటు మీదుగా రాయ్‌పూర్‌కు తిరిగే పది టైర్ల లారీ మాకు ఒకటి ఉంది. 2014 మోడలు. చలికాలంలో తెల్లవారుజామున ఘాటు ఎక్కేటప్పుడు మంచు దట్టంగా పట్టి, హెడ్‌లైట్లు వేస్తే ఎదురుగా తెల్లటి తెర కట్టినట్టు ఉంటుందే తప్ప రోడ్డు అంచు తెలియదు. అందుకని పోయిన ఏడాది జీపులకు వాడే 12 వోల్టుల ఫాగ్ లైట్లు రెండు, ఒక్కొక్కటి 55 వాట్లవి, కొని బంపరుకు బిగించాము. లారీది 24 వోల్టుల లైను గనుక, బిగించిన మెకానిక్ రెండు బ్యాటరీలలో ఒకదాని నుంచి మాత్రమే 12 వోల్టులు తీసి, డ్యాష్‌బోర్డు మీద ఒక స్విచ్చి పెట్టి, దాని గుండా నేరుగా లైట్లకు ఇచ్చాడు. రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్-ఆఫ్ చేసే స్విచ్చి) గానీ, ఫ్యూజు గానీ పెట్టలేదు.

కొన్ని నెలలు బాగానే వెలిగాయి. పోయిన వారం రాత్రి ప్రయాణంలో క్యాబిన్‌లో రబ్బరు కాలిన వాసన వచ్చింది. బండి పక్కకు ఆపి క్యాబిన్ ఎత్తి చూస్తే, క్యాబిన్ ముందుకు వంగే మడత బందు దగ్గర వైరు పైతొడుగు జానెడు మేర కరిగి, లోపలి రాగి నల్లబడి కనిపించింది. వెంటనే బ్యాటరీ వైరు ఊడదీశాము గనుక అంతటితో పోయింది. డ్యాష్‌బోర్డు స్విచ్చి కూడా కొంతకాలంగా చేయి పెడితే వేడిగా తగులుతూ ఉండేది, మేము పట్టించుకోలేదు. మరొక సంగతి, దీనికి సంబంధించినదో కాదో తెలియదు: రెండు బ్యాటరీలూ ఒకేసారి కొన్నవే అయినా ఒకటి ఎప్పుడూ డీలాగానే ఉంటోంది, రెండో దానిలో మాత్రం డిస్టిల్డ్ వాటరు తరచుగా పోయవలసి వస్తోంది.

లైట్లు లేకుండా ఆ ఘాటు ఎక్కడం మాకు కష్టం. భయం లేకుండా వీటిని ఎలా వేయించుకోవాలో, ఈసారి ఎక్కువ వెలుగు కోసం క్యాబిన్ పైన కూడా రెండు పెట్టించుకోవచ్చునో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1 (ఆటో ఎలక్ట్రీషియన్, విజయవాడ)

తమ్ముడూ, మీరు చివర్లో సందేహంగా రాసిన బ్యాటరీల సంగతి ఈ గొడవలో సగం. లారీలో రెండు 12 వోల్టుల బ్యాటరీలు ఒకదాని వెనుక ఒకటి కలిపి ఉంటాయి, ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటరు ఆ రెండింటినీ కలిపి సుమారు 28 వోల్టులతో ఛార్జి చేస్తుంది. రెండింటిలోకీ ఒకే కరెంటు పోతుంది గనుక, ఒకదాని నుంచి మాత్రమే లైట్లు ఎక్కువగా తోడుకుంటే ఆ లోటు దానికి ఎన్నటికీ పూడదు. అది డీలాపడుతుంది. అప్పటికే నిండిన రెండవదానికి ఛార్జి ఎక్కువై నీళ్లు ఆవిరైపోతాయి. మీరు నీళ్లు పోస్తున్నది ఆ రెండవదానికే. ఇలా ఒకదాని నుంచి 12 వోల్టులు లాగి పాటల సెట్టు పెట్టించుకున్నవారినీ, ఏడాది తిరగకుండానే బ్యాటరీలు మార్చుకున్నవారినీ నేను చాలామందిని చూశాను. కాబట్టి మొదట ఆ 12 వోల్టుల లైట్లను పక్కన పెట్టండి. 24 వోల్టుల 70 వాట్ల బల్బులతో ఫాగ్ లైట్లు దొరుకుతాయి. ఎల్‌ఈడీ అయితే దాని మీద 10 నుంచి 30 వోల్టుల వరకు పనిచేస్తుందని రాసి ఉన్నదే తీసుకోండి.

ఇక వైరు కాలిన కారణం. బల్బులు ఎక్కువ కరెంటు లాగినందువల్ల అది కాలలేదు. 55 వాట్లవి రెండు 12 వోల్టుల మీద లాగేది సుమారు 9 ఆంపియర్లు, ఆ కరెంటుకు స్విచ్చి వేడెక్కుతుందే గాని వైరు కరగదు. క్యాబిన్ ఎత్తి దించిన ప్రతిసారీ మడత బందు దగ్గర వైరు ఇనుముకు ఒరుసుకుని, తొడుగు అరిగి, రాగి ఇనుమును తాకి ఉంటుంది. మధ్యలో ఫ్యూజు లేదు గనుక బ్యాటరీ తన బలమంతా అక్కడ చూపించింది. ఫ్యూజు కాపాడేది బల్బును కాదు, వైరును. అందుకే దానిని లైటు దగ్గర పెట్టినా, డ్యాష్‌బోర్డు కింద పెట్టినా ప్రయోజనం లేదు. బ్యాటరీ ప్లస్సు నుంచి జానెడు దూరంలోపే ఉండాలి, ఎందుకంటే ఫ్యూజుకు ముందున్న ముక్కకు ఏ కాపలా ఉండదు.

నేనైతే ఈ పని ఇలా చేస్తాను. ముందు బ్యాటరీ మైనస్సు వైరు తీస్తాను, పని అంతా అయ్యాక ఆఖరున బిగిస్తాను. మొత్తం 24 వోల్టుల ప్లస్సు దగ్గర 10 ఆంపియర్ల బ్లేడు ఫ్యూజు పెడతాను, రెండు 70 వాట్ల బల్బులు లాగేది 6 ఆంపియర్లే గనుక అది సరిపోతుంది. అక్కడి నుంచి 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు రిలే 30వ కాలుకు (పిన్నుకు), 87వ కాలు నుంచి లైట్లకు పోతుంది. 86కు స్విచ్చి నుంచి వచ్చే సన్న వైరు, 85కు ఎర్తు, అంటే బండి ఇనుప చట్రం. ఇప్పుడు స్విచ్చి మోసేది రిలే కాయిలుకు కావలసిన కరెంటు మాత్రమే, అది ఆంపియరులో పదో వంతు దరిదాపుల్లో ఉంటుంది, కాబట్టి స్విచ్చి వేడెక్కే ప్రసక్తి లేదు. రిలే కొనేటప్పుడు దాని మీద 24 వోల్టులు అని అచ్చు ఉందో లేదో మీరే చదవండి, అంగట్లో ఇచ్చినది జేబులో వేసుకుని రాకండి. 12 వోల్టుల రిలేకు 24 వోల్టులు ఇస్తే కాయిలులో వేడి రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది.

స్విచ్చికి లైను పార్కింగు లైట్ల నుంచి తీసుకోండి. అప్పుడు వెనుక ఎర్ర లైట్లు వెలిగితేనే ఫాగ్ లైట్లు వెలుగుతాయి. మంచులో మనకు ముందు కనిపించడం ఎంత అవసరమో, వెనుక వచ్చే బండికి మనం కనిపించడం అంత అవసరం.

వైరు వెళ్లే దారి గురించి మాత్రం మీరే దగ్గర నిలబడి చూసుకోండి, హడావిడిలో పనివాళ్లు తప్పు చేసేది ఇక్కడే. మొత్తం వైరును ఫ్లెక్సిబుల్ పైపులో దూర్చాలి. మడత బందు దగ్గర, క్యాబిన్ పూర్తిగా ఎత్తినప్పుడు కూడా బిగుసుకోనంత వదులు ఉంచాలి. రేకుకు రంధ్రం చేసిన చోట రబ్బరు బుష్ తప్పనిసరి. సైలెన్సరుకూ టర్బోకూ దూరంగా నడపాలి. చేతికి అందాయి కదా అని బ్రేకుల గాలి పైపులకు కట్టనివ్వకండి. అవి నైలాను పైపులు. వైరు వేడెక్కిన రోజున అవి కూడా మెత్తబడితే, ఘాటు దిగుతున్న బండికి పోయేది లైట్లు కాదు, బ్రేకులు.

జాయింటుకు వైర్లు మెలిపెట్టి నల్ల టేపు చుట్టడం వద్దు, ఇంజను వేడికి ఆ జిగురు కారిపోతుంది. వైరు కొనకు లోహపు థింబుల్ నొక్కించి, వేడికి ముడుచుకునే స్లీవు వేయించండి. ఎర్తు బిగించే చోట రంగు గీకి, మెరిసే ఇనుము మీదే బిగించి, పైన గ్రీజు రాయాలి.

పెట్రోలు, గ్యాసు ట్యాంకర్లు నడిపేవారు దీనిని చూసి సొంతంగా చేయవద్దు. వాటి వైరింగుకు వేరే నిబంధనలు ఉన్నాయి.

జవాబు 2 (ఘాట్‌రోడ్డు డ్రైవరు)

వైరింగు గురించి అన్నగారు చెప్పిన తరువాత నేను చేర్చవలసినది లేదు. క్యాబిన్ పైన లైట్ల ఆలోచన మాత్రం మానుకోండి. మంచులో వెలుగు ఎంత ఎత్తు నుంచి పడితే అంతగా నీటి తుంపరల మీద పడి మన కళ్లలోకే తిరిగి వస్తుంది. మీరు చెప్పిన తెల్లటి తెర అదే. ఫాగ్ లైటు బంపరులో వీలైనంత కిందన ఉండి, మంచు కిందుగా రోడ్డు అంచునూ తెల్ల గీతనూ చూపించాలి. రంగు పసుపైనా తెలుపైనా అంత తేడా నాకు కనిపించలేదు. దింపి పెట్టడంలోనే ఉంది అంతా.

పైగా 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 111వ నియమం ప్రకారం, రిజిస్టరు చేసే అధికారి ముందస్తు అనుమతి లేకుండా ముందు వైపు స్పాట్ లైట్లు పెట్టుకోరాదు. 106వ నియమం ప్రకారం, లైటుకు 8 మీటర్ల దూరంలో, నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తులో కళ్లు ఉన్న మనిషికి మన వెలుగు కళ్లు చెదరగొట్టరాదు. లారీని సమతలం మీద గోడకు 10 మీటర్ల దూరంలో నిలిపి, గోడ మీద వెలుగు పై అంచు లైటు మధ్యభాగం కన్నా జానెడు కిందకు వచ్చేలా మరలు బిగించుకుంటే సరిపోతుంది. సరుకు ఎక్కించాక బండి ముక్కు కొద్దిగా లేస్తుంది గనుక, ఈ పని లోడుతోనే చేయండి.

జవాబు 3 (ఆటో ఎలక్ట్రీషియన్, విజయవాడ)

ఒక మాట మరిచాను. లైటు బ్రాకెట్లకు బంపరు మీద వెల్డింగు చేయిస్తే ముందుగా రెండు బ్యాటరీ వైర్లూ తీసేయించండి, వెల్డింగు ఎర్తు క్లాంపును అతికే చోటికి పక్కనే పట్టించండి. బీఎస్-6 (కొత్త కాలుష్య ప్రమాణాల) బండ్లవారైతే ఇంజను కంప్యూటరు కనెక్టరు కూడా విప్పించాలి, లైట్ల వైర్లను మధ్యలో చీల్చి లైను తీయకూడదు. అసలు బోల్టులతో బిగించే బ్రాకెట్టు దొరికితే వెల్డింగు జోలికే పోవద్దు.

సాలూరు లారీ

ఇద్దరికీ కృతజ్ఞతలు. చెప్పినట్టే కొత్తగా వేయించాము. బ్రాకెట్లు బోల్టులవే దొరికాయి. అంగట్లో మొదట ఇచ్చిన రిలే తిప్పి చూస్తే 12 వోల్టులు అనే ఉంది, మార్పించుకున్నాము. పాత మెకానిక్ రెండు బ్యాటరీల మధ్య నుంచి తీసిన వైరును మొత్తం లాగేసి చూస్తే, కాలిన చోట కాక మరో రెండు చోట్ల కూడా తొడుగు అరిగి ఉంది. ఇంజను ఆన్‌లో ఉంచి లైట్లు వేసి మీటరుతో కొలిస్తే బ్యాటరీ దగ్గర 27.8, లైటు దగ్గర 27.4 వోల్టులు చూపించింది. అరగంట వెలిగించాక స్విచ్చి, రిలే, ఫ్యూజు గూడు చేత్తో తాకి చూశాము, చల్లగానే ఉన్నాయి. డీలాపడిన బ్యాటరీ ఛార్జి నిలుపుకోవడం లేదు. రెండూ జతగా మార్చాలా, ఆ ఒక్కటి మారిస్తే చాలునా?

ఆటో ఎలక్ట్రీషియన్, విజయవాడ

0.4 వోల్టుల తేడా బాగానే ఉంది. బ్యాటరీలు మాత్రం రెండూ, ఒకే కంపెనీవి, సామర్థ్యంలో ఒకే ఆంపియర్-అవర్‌వి, ఒకేసారి మార్చండి. పాతదాని పక్కన కొత్తది పెడితే మళ్లీ ఈ నీళ్ల కథే మొదలవుతుంది.