పాము కాళ్ళు పాముకెరుక: ఇంతకీ పాముకు కాళ్ళు ఉన్నాయా?

ప్రశ్న: "పాము కాళ్ళు పాముకెరుక" అనే సామెతను దొంగ ఎత్తులు దొంగకే తెలుస్తాయన్న అర్థంలోనే ఎక్కువగా విన్నాను. అసలు కాళ్ళే లేని జీవి మీద ఈ మాట ఎలా పుట్టింది? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: మీరు విన్న అర్థం సరైనదేనండీ. అయితే వాడుక అంతకంటే విశాలం. ఒక వృత్తిలోనో కుటుంబంలోనో ఉన్న లోగుట్టు ఆ లోపలివాళ్ళకే తెలుస్తుందని చెప్పడానికీ వాడతారు. తప్పుపట్టే ధ్వని ప్రతిసారీ ఉండక్కర్లేదు.

సంస్కృతంలో పాముకు గూఢపాదం అని ఒక పేరుంది. కాళ్ళు లేనిది అనలేదు, దాచుకున్నది అన్నారు. కొండచిలువ విషయంలో ఇది అక్షరాలా నిజం! దాని తోక మొదట్లో రెండు పక్కలా గోరులాంటి చిన్న ముల్లు కనిపిస్తుంది, లోపల కటి ఎముక, తొడ ఎముకల అవశేషాలుంటాయి. నాగుపాములో అవి కూడా లేవు.

కాళ్ళ సంగతి డీఎన్ఏలోనూ రాసి ఉంది. కాళ్ళు పెరగడానికి కావలసిన సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే జన్యువు పాములకూ ఉంది. పిండంలో కాళ్ళు మొలిచే చోట దాన్ని ఆన్ చేసే స్విచ్ లాంటి డీఎన్ఏ భాగమే చెడిపోయింది. 2016లో చిట్టెలుకలో ఆ భాగం తీసేసి పాముది పెట్టి చూశారు. పుట్టిన పిల్లలకు కాళ్ళు మొండిగా మిగిలాయి. పాముల్లో ఊడిపోయిన 17 డీఎన్ఏ అక్షరాలను (డీఎన్ఏ గొలుసులోని చిన్న ముక్కలను) కొండచిలువ స్విచ్‌లో తిరిగి చేర్చి పెడితే మామూలు కాళ్ళు వచ్చాయి. నన్ను ఇంతగా ఆశ్చర్యపరిచిన ప్రయోగాలు చాలా తక్కువ.

ప్రశ్న: చాలా బాగా చెప్పారు. అయితే ముళ్ళు మిగిలిన కొండచిలువే మిగతా పాములకు మూలపురుషుడు అనుకోవచ్చా?

జవాబు: అనుకోకూడదండీ. ఈనాటి కొండచిలువ నాగుపాముకు తాత కాదు, దూరపు దాయాది. ఇద్దరూ ఒకే పూర్వీకుడి నుంచి అంతే కాలం నడిచి వచ్చారు. ఒకరి దగ్గర పాత గుర్తు మిగిలింది, ఇంకొకరి దగ్గర పోయింది.

ఒంటి తీరు చూసి చుట్టరికం కలిపితే పాముల విషయంలో చాలా పొరపాట్లు జరుగుతాయి. కొండచిలువ, బోవా (ఎక్కువగా అమెరికా ఖండాల్లో ఉండే పెద్ద పాము) రెండూ బలిసిన ఒళ్ళుతో ఎరను చుట్టి చంపేవే. అయినా జన్యువుల ప్రకారం కొండచిలువకు బోవా కంటే సన్‌బీమ్ పాము (ఆసియాలో ఉండే, ఒళ్ళు రంగురంగులుగా మెరిసే పాము) దగ్గర. నేలలో బతికే సన్నటి గుడ్డిపాములన్నీ ఒకే కుటుంబం అనుకునేవారు. వాటిలో ఒక శాఖ మిగతా గుడ్డిపాముల కంటే పెద్ద పాముల వైపుకే దగ్గరని డీఎన్ఏ చూపిస్తోంది. సముద్రపు పాములైతే నాగుపాము, కట్లపాము ఉన్న కుటుంబంలోవే.

ఇది తేల్చే పద్ధతి మొదటి చూపుకు తేలికగానే ఉంటుంది. ఒకే జన్యువును వేర్వేరు పాముల్లో చదివి, అక్షరాల మార్పులు ఎవరెవరికి ఉమ్మడిగా ఉన్నాయో చూస్తారు. 2013లో ఇలా 4,161 జాతుల పాములు, బల్లులకు కలిపి, 12 జన్యువుల దాకా వాడి ఒక వంశవృక్షం గీశారు. చిక్కంతా జన్యువులు ఒకే కథ చెప్పకపోవడంలో ఉంది. పూర్వీకుల గుంపులో ఒక జన్యువుకు రెండు మూడు రూపాలుండి, ఆ గుంపు వెంటవెంటనే చీలిపోతే, ఏ రూపం ఏ శాఖకు చేరుతుందన్నది యాదృచ్ఛికం. అందుకే ఒక జన్యువు మాట నమ్మి చుట్టరికం తేల్చరు. ఇప్పుడు వేల డీఎన్ఏ భాగాలు చదివి, ఒక్కో భాగానికి వచ్చిన విడివిడి వృక్షాల నుంచి జాతుల వృక్షాన్ని లెక్కగడుతున్నారు.

ప్రశ్న: కాళ్ళు లేని బల్లులు కూడా ఉన్నాయి కదండీ, పాముకు దగ్గరి బంధువులు అవేనా?

జవాబు: కావు. బల్లుల్లో కాళ్ళు పోవడం విడివిడిగా ఎన్నోసార్లు జరిగింది, కాబట్టి అదొక్కటే చుట్టరికానికి సాక్ష్యం కాదు. డీఎన్ఏ ప్రకారం పాముల దగ్గరి బంధువుల్లో నాలుగు కాళ్ళ ఉడుము ఉంది, తొండ ఉంది, ఊసరవెల్లి ఉంది. తొండను ఈ జట్టులో చేర్చడం ఎముకలు చూసి వృక్షం గీసేవాళ్ళకు మింగుడుపడలేదు, వాళ్ళు దాన్ని చాలా దూరంగా పెట్టేవారు. ఎక్కువ భాగాలు చదివిన విశ్లేషణల్లో ఉడుము, తొండల వర్గాలు రెండూ ఒక జంటగా, పాము వాటి పక్క శాఖగా వస్తున్నాయి.