సిస్టోస్కోప్ (మూత్రాశయం లోపలికి చూసే గొట్టం) లేని రోజుల్లో మూత్రాశయంలో రాయిని ఎలా పట్టుకునేవారు?

యూరాలజీ (మూత్ర వ్యవస్థ వైద్యం) ప్రత్యేక శాఖగా ఎలా ఎదిగిందో తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. ఒక్కచోట ఆగిపోయాను.

1824లో పారిస్‌లో ఫ్రెంచ్ సర్జన్ జాన్ సివియాల్ పొట్ట కోయకుండానే మూత్రాశయంలోని రాయిని నలగ్గొట్టాడు. మూత్రమార్గం గుండా నిటారు లోహపు గొట్టం పంపేవాడు. దాని చివర మూడు వంపు కొక్కేలు విచ్చుకుని రాయిని పట్టుకుంటే, మధ్యలోని డ్రిల్ దాన్ని తొలిచేది. ఇంతవరకు అర్థమైంది.

జర్మన్ వైద్యుడు నిట్సె సిస్టోస్కోప్‌ను వియన్నాలో చూపించింది 1879లో. అంటే యాభై ఏళ్లకు పైగా ఈ పని లోపల ఏమీ కనిపించకుండానే సాగింది. ఈథర్ మత్తు కూడా 1846లోగానీ రాలేదు. తలుచుకుంటేనే ఒళ్లు జలదరిస్తుంది.

మ్యూజియంల వెబ్‌సైట్లలో పరికరం ఫొటోలు, పాత బొమ్మలు చూశాను. కొక్కేల ఆకారం తెలిసింది గానీ వాడే పద్ధతి తెలియలేదు. తెలిసిన యూరాలజిస్టును అడిగితే ఇప్పటి లేజర్ పద్ధతి ఓపిగ్గా వివరించారు, పాతది తనకు తెలియదన్నారు. ముందుగా మూత్రాశయాన్ని నీటితో నింపేవారని చదివాను. గోడలు దూరంగా జరగడానికే అయ్యుంటుంది. రోగి మెలకువగా ఉంటాడు కాబట్టి నొప్పిని బట్టి తెలిసేదేమో అనుకున్నాను. కానీ గొట్టం వల్లే అంత బాధ ఉన్నప్పుడు, ఏ నొప్పి ఎక్కడిదో ఎలా చెప్పగలడు?

వైద్య చరిత్ర చదివినవాళ్లు, సీనియర్ సర్జన్లు దయచేసి చెప్పండి: కొక్కేల మధ్య చిక్కింది రాయి మాత్రమేనని, మూత్రాశయం గోడ కాదని, డ్రిల్ తిప్పేముందు సివియాల్ ఎలా నిర్ధారించుకునేవాడు?