గాలి పెరిగితే పడవ ముక్కు గాలివైపే తిరిగిపోతోంది, ఏం మార్చాలి?

కళింగపట్నం దగ్గర వంశధార నది సముద్రంలో కలిసే మొగలో సరదా పోటీ కోసం 12 అడుగుల చదును అడుగు పడవ కట్టాం. 6 ఎంఎం మెరైన్ ప్లై (నీటికి తట్టుకునే ప్లైవుడ్), అతుకులకు ఎపాక్సీ జిగురు, ఫైబర్ టేపు. టార్పాలిన్ తెరచాప 50 చదరపు అడుగులు. పొద్దున్న తిన్నగానే పోతుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి లేచి పడవ ఒరిగిందంటే చాలు, ముక్కు గాలికి ఎదురు తిరుగుతుంది. చుక్కాని పిడిని రెండు చేతులా లాగిపట్టాలి, వెనక నీళ్లు సుడులు తిరుగుతాయి. అంటే చుక్కానే బ్రేకైపోతోంది!

వెనక్కి వాలిన తెరచాప గుంజను నిటారుగా చేశాం. ఇద్దరం గాలివైపు అంచున కూర్చున్నాం. గాలి విసిరినప్పుడు తెరచాప తాడు వదిలాం. కొంచెం తగ్గింది, పోలేదు. పడవ పక్కకు కొట్టుకుపోకుండా అడుగున దిగే పలక గుంజకు 40 సెం.మీ. వెనక ఉంది. పలక దిగే పెట్టెను కోసి జరిపితే మళ్లీ నీరు కారుతుందేమోనని వెనకాడుతున్నాం. గుంజను నిలబెట్టే దిమ్మనే 10 సెం.మీ. ముందుకు జరిపితే సరిపోతుందా, లేక పలకనే వెనక్కి మార్చాలా?