లీలావతి మస్స మీద ‘రాజ’నా, ‘రాజ్ఞి’నా?

‘సింహళంబున…’ అని ఒక సీసపాదం పొద్దున్నుంచీ నోట్లో ఆడుతోంది, తర్వాతి ముక్క రావట్లేదు. అసలు అక్కడి నుంచి తెచ్చే సరుకుకి సింహళంలో ఏ నాణెం చెల్లించేవాళ్లో? సింహళ రాజధాని పొలన్నరువ నాటి రాగి నాణేలు, మస్సలు, చూస్తుంటే వచ్చిన ప్రశ్న. వాటిలో ఒకదాని మీద నాగరిలో ‘శ్రీ రాజ లీలావతి’ అని ఉంది. ఆవిడ సింహళ రాణి కదా, ‘రాజ’ ఏంటి?

— ‘గంధసింధురంబులు తెచ్చి’. శ్రీనాథుడి హరవిలాసం, వర్తకుడు అవచి తిప్పయ్య సెట్టి గురించి. మస్సలతో ఏనుగుల్ని కొనడమా! ఒకప్పటి సింహళ బంగారు నాణెం కహవణులో కల్తీ పెరిగి పెరిగి, అక్కడి రాజు పరాక్రమబాహు (1153–1186) నాటికి చేతికొచ్చేది ఉత్త రాగి. పైగా సెట్టిగారు ఆయనకి 200 ఏళ్ల తర్వాతి మనిషి.

— ‘రాజ్ఞి’ అనే చెక్కాలనుకుని ఉంటారు. అంత చిన్న రాగిబిళ్ల మీద ‘జ్ఞ’ ఒత్తు ఎక్కడ పడుతుంది?

— ఒత్తు మీదకి నెట్టకండి మాస్టారూ. పరాక్రమబాహు భార్యే అయినా, ఆయన పోయాక మూడుసార్లు సొంతంగా గద్దెనెక్కింది, మొదటిసారి 1197లో. ఏలినవాళ్లు రాజే. మన రుద్రమని శాసనాలు ‘రుద్రదేవ మహారాజు’ అనలేదూ?

— రుద్రమ తర్వాతి మాట, ఉదాహరణ తిరగబడింది. నా లెక్కలో ‘రాజ లీలావతి’ సమాసం కూడా కాదు, అచ్చుపోసేవాడి అలవాటు. ఒకవైపు నిలబడ్డ రాజు, రెండోవైపు కూర్చున్న రాజు, పక్కన పేరు. ఎవరొచ్చినా పేరొక్కటే మారేది. అక్కడే మూడు నెలల పసివాడు ధర్మాశోకుడు (మన అశోకుడు కాదు) గద్దెనెక్కినా అదే నిలువెత్తు బొమ్మ! ఈ అచ్చునే అంతకుముందే రాజరాజ చోళుడూ ఎత్తుకెళ్లాడు.

— మస్స అంటే సంస్కృత మాషమే (మినపగింజెత్తు తూకం) కదా, మన ‘మాడ’ నాణెం కూడా అక్కడిదే అంటారు. మాడ బంగారంగానే నిలిచింది, మస్స రాగిలోకి దిగింది.

— అంటారు సరే, ‘ష’ ఇక్కడ ‘డ’ ఎలా అయిందో ఎవరైనా చెప్పండి.

— అది తర్వాత. శ్రీనాథుణ్ణి తలుచుకున్నాం గనక అడుగుతున్నా, ఆ పద్యంలోనే ‘జలనోగి బంగారు మొలక’ అంటాడే, మీ ప్రతిలో ‘జలనోగి’నా, ‘జలనోంగి’నా? మా తాతగారు సున్నాతోనే చదివేవారు.

— సున్నా ఉన్నా లేకున్నా ‘నో’ గురువే, గణం మారదు. ఛందస్సుతో తేలదు, తాళపత్రం చూడాల్సిందే.

— ఏ తాళపత్రం? ఆ జలనోగి అనే ఊరు ఎక్కడుందో ముందు చెప్పండి.